ఐలెట్ కణాల మార్పిడి ఎన్నేళ్ళు నిలుస్తుంది? మా బావ మాత్రల డబ్బా నుంచి ఒక జవాబు

ప్రొద్దుటూరు నుంచి అడిగిన అన్నగారికి నమస్కారం. మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. పద్నాలుగేళ్ళ మీ అమ్మాయికి టైప్ 1 షుగర్. ఐలెట్ కణాలు, అంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు, ఎక్కిస్తే ఇన్సులిన్ సూది అక్కర్లేదని పేపర్లో చదివారు, కొన్నేళ్ళకే ఆ కణాలు పనిచేయడం మానేస్తాయని ఇంకెవరో అన్నారు. అవి ఎక్కువ కాలం నిలవడానికి ఏం చేస్తున్నారన్నది మొదటి ప్రశ్న. రెండెకరాలు అమ్మి చేయించవచ్చా అన్నది రెండోది. రెండోదానికి ముందు జవాబిస్తాను: అమ్మకండి. మొదటిదానికి కాస్త ఓపిక కావాలి.

నేను డాక్టరును కాను. అనంతపురంలో హైస్కూలు లెక్కల మాస్టరును. టైప్ 1 వచ్చి 29 ఏళ్ళయింది. కరెంటు పోయిన వేసవి రాత్రుల్లో మా అమ్మ ఇన్సులిన్ సీసాను తడి ఇసుక నింపిన మట్టికుండలో దాచిన రోజులు నాకు గుర్తే. అయితే మీ ప్రశ్నకు జవాబు నేర్పింది నా జబ్బు కాదు, మా బావ కిడ్నీ.

బావకు గార్లదిన్నె దగ్గర చీనీ తోట ఉంది. బీపీ ముదిరి కిడ్నీలు పాడైతే మా అక్క తన కిడ్నీ ఇచ్చింది. బెంగళూరులో ఆపరేషన్ బాగా జరిగింది. అప్పటిదాకా ఆయనకు షుగర్ లేదు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఒక చెంబు నీళ్ళు తాగారు. కూర్చుని ఇంకో చెంబు అడిగారు. ఆ దాహం నాకు బాగా తెలిసిన దాహం. నా మీటరు తీసి ఆయన వేలికి గుచ్చితే 380 చూపించింది. పట్టీ పాతదేమోనని ఇంకోటి పెట్టాను. 374.

డాక్టరు చెప్పిన కారణం వింటే మీకు నవ్వాలో ఏడవాలో తెలియదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మాత్ర, దానితోపాటు స్టెరాయిడు, కలిసి షుగర్ తెచ్చాయి. టాక్రోలిమస్ ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలనే దెబ్బతీస్తుంది. స్టెరాయిడేమో, ఉన్న కాస్త ఇన్సులిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో ఇది అరుదేమీ కాదట. ఆయనకు ఇన్సులిన్ పెన్ను పట్టుకోవడం నేర్పే పని నా మీద పడింది. ఆ మాత్రకు చేతులు వణకడం కూడా ఉంది. సూది పొట్ట దగ్గరికి వచ్చేసరికి అటూ ఇటూ ఊగేది. మణికట్టు పట్టుకుని నేనే గుచ్చేవాణ్ణి. అప్పుడు బావ అన్న మాట: "ఏమప్పా, పురుగుకని మందు కొడితే పూత కూడా రాలినట్టుందే."

ఐలెట్ మార్పిడి ఎందుకు నిలవడం లేదో ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. చనిపోయిన దాత క్లోమం నుంచి తీసిన బీటా కణాలను కాపాడటానికి ఇస్తున్నదీ ఎక్కువగా ఆ టాక్రోలిమస్‌నే.

మన క్లోమంలో ఈ ఐలెట్లు దాదాపు 10 లక్షలుంటాయి. బరువులో క్లోమంలో ఒకటి రెండు శాతమే. ఎంజైమ్‌తో క్లోమాన్ని కరిగించి వాటిని వేరుచేస్తారు, కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి సన్నని గొట్టంతో వదులుతారు. పెద్ద ఆపరేషన్ లేదు. కష్టమంతా ఆ తరువాతే. రక్తం తగలగానే వాటి చుట్టూ గడ్డకట్టడం, వాపు మొదలై, మొదటి గంటల్లోనే పెద్ద భాగం చచ్చిపోతుంది. మిగిలినవాటికి సొంత రక్తనాళాలు ఉండవు, వేరుచేసేటప్పుడే తెగిపోయాయి. కొత్తవి అల్లుకోవడానికి రెండు వారాలు పడుతుంది. అందాకా ఊపిరి బిగబట్టి బతకాలి. పైగా మింగిన మాత్ర పేగుల నుంచి ముందు చేరేది కాలేయానికే కాబట్టి మందు ఘాటు అందరికంటే ఎక్కువ తగిలేది ఈ కణాలకే. ఇవన్నీ దాటినా రెండు శత్రుత్వాలు మిగులుతాయి: పరాయి కణమన్న కోపం ఒకటి, అసలు టైప్ 1 రావడానికి కారణమైన పాత పగ, అంటే శరీరం తన బీటా కణాల మీదే దాడి చేయడం, ఇంకొకటి. మా బావ కిడ్నీకి ఆ రెండోది లేదు.

అంకెలు చూస్తే సంగతి తెలుస్తుంది. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం స్టెరాయిడ్లు లేకుండా ఏడుగురికి చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. ప్రపంచమంతా పండగ చేసుకుంది. అదే ఊళ్ళో 20 ఏళ్ళలో 255 మందికి చేసిన మార్పిళ్ళ లెక్క 2022లో వచ్చింది: ఇన్సులిన్ లేకుండా ఉన్నవాళ్ళు ఏడాదికి 61 శాతం, అయిదేళ్ళకు 32, పదేళ్ళకు 20, ఇరవై ఏళ్ళకు 8. ఈ వరుసను బోర్డు మీద గీస్తే మొదట్లో నిటారుగా దిగి, తరువాత నెమ్మదిస్తుంది. అంటే తొలి ఏళ్ళే గండం. అయితే అదే లెక్కలో 70 శాతం మందికి కణాలు ఎంతో కొంత పనిచేస్తూనే ఉన్నాయి. సూది పూర్తిగా పోకపోయినా, షుగర్ హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పడం తగ్గుతుంది. చాక్‌పీసు చేతిలో ఉండగానే పిల్లల ముందు పడిపోయినవాణ్ణి కాబట్టి, అది చిన్న లాభమని నేననను.

నిలబెట్టడానికి చేస్తున్న పనుల్లో మొదటిది ఆ తొలి వారాలను దాటించడం. హెపారిన్‌తో గడ్డకట్టకుండా చూడటం, ఎటానెర్‌సెప్ట్, అనాకిన్రా వంటి మందులతో వాపును అణచడం. ఎడ్మంటన్ లెక్కలో ఈ రెండు మందులూ కలిపి వాడినవాళ్ళలో కణాలు ఎక్కువ కాలం నిలిచాయి. మొదట్లోనే టీ కణాలను (పరాయి కణాల మీద దాడి చేసే తెల్ల రక్తకణాలను) గట్టిగా తగ్గించే మందులు వాడిన చోట్ల, అయిదేళ్ళకు సగంమంది దాకా ఇన్సులిన్ లేకుండా ఉన్నట్టు 2012లో ఒక అమెరికా అధ్యయనం చూపింది.

కణాల కొరతది ఇంకో గొడవ. ఒక్కరికి తరచుగా ఇద్దరు దాతల క్లోమాలు కావాలి. అందుకే మూలకణాల నుంచి, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాల నుంచి, ఐలెట్లు పెంచుతున్నారు. అలా పెంచిన కణాలతో వెర్టెక్స్ కంపెనీ చేసిన జిమిస్లెసెల్ అనే చికిత్స ఫలితాలు 2025లో వచ్చాయి: పూర్తి మోతాదు ఒకేసారి తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది నాటికి ఇన్సులిన్ మానేశారు. పేపర్లో మీరు చదివింది బహుశా ఇదే. కానీ వాళ్ళూ రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వేసుకోవాల్సిందే. ఆ పరీక్షలోనే ఒకరు క్రిప్టోకోకస్ మెనింజైటిస్‌తో చనిపోయారు. అది ఒంట్లో కాపలా తగ్గినప్పుడు కాటేసే శిలీంధ్రం. హెడ్డింగులో ఈ ముక్క ఉండదు.

నన్నడిగితే అసలు తలుపు తెరుచుకోవలసింది మాత్రల దగ్గరే. షికాగో విశ్వవిద్యాలయంలో టాక్రోలిమస్‌ను పక్కనపెట్టి టెగోప్రూబార్ట్ అనే యాంటీబాడీతో కొద్దిమందిలో ప్రయత్నిస్తున్నారు. ఇంకా ముందుకెళ్ళింది స్వీడన్‌లోని ఉప్సలా. దాత కణాల జన్యువులను మార్చి, శరీరపు కాపలావాళ్ళ కంట పడకుండా చేసి, 42 ఏళ్ళ ఒక వ్యక్తి ముంజేతి కండరంలో పెట్టారు. ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు. 12 వారాల తరువాత కూడా ఆ కణాలు బతికే ఉండి ఇన్సులిన్ ఇస్తున్నాయని 2025లో ప్రకటించారు. మోతాదు చాలా చిన్నది, ఆయన ఇన్సులిన్ మానలేదు. అయినా ఆ వార్త చదివిన రోజు బావకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. "పురుగు మందు లేకుండా పూత నిలిచిందంటావా" అన్నారు. ఒక్క చెట్టుకే, ఒక్క కొమ్మకే అన్నాను.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. అమెరికాలో 2023లో అనుమతి పొందిన లాంటిడ్రా అనే దాత కణాల చికిత్స కూడా పెద్దవాళ్ళకే. అదీ షుగర్ పదేపదే ప్రమాదకరంగా పడిపోతూ, వేరే దారి లేనివాళ్ళకు. దాని పరీక్షలో 30 మందిలో 10 మంది అయిదేళ్ళకు పైగా ఇన్సులిన్ లేకుండా ఉన్నారు, అయిదుగురు ఒక్కరోజు కూడా ఉండలేకపోయారు. ఎదిగే పిల్లకు సూది బాధ తప్పించడానికి, జీవితమంతా కిడ్నీలనూ రోగనిరోధక శక్తినీ దెబ్బతీసే మాత్రలు తగిలించడం తెలివైన బేరం కాదు. బావకు గత్యంతరం లేదు, మీ అమ్మాయికి ఉంది.

ఒక జాగ్రత్త. పెద్ద ఊళ్ళో ఒక క్లినిక్ వాళ్ళు "మూలకణాల ఇంజెక్షన్‌తో షుగర్ మాయం" అని నన్నే లక్షలు అడిగారు. ఏ కణాలు, ఎక్కడ పెడతారు, తరువాత సి-పెప్టైడ్ (ఒళ్ళు సొంతంగా ఇన్సులిన్ చేస్తోందో లేదో చెప్పే రక్తపరీక్ష) ఎంత పెరిగిన దాఖలా ఉంది, ఏ మాత్రలు వేసుకోవాలి అని అడిగాను. నాలుగింటికీ కలిపి ఒక రంగుల కరపత్రం చేతిలో పెట్టారు. మీకెవరైనా ఫోన్ చేస్తే ఈ నాలుగే అడగండి.

భూమి అమ్మే డబ్బులో నూరో వంతు పెట్టినా, చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ కొన్ని నెలలు వాడవచ్చు. రాత్రిపూట షుగర్ పడిపోతే అది మోగి లేపుతుంది. నాకు ముందస్తు చెమట, వణుకు తెలియకుండా పోయిన దశలో దాన్ని వాడి, కొన్ని వారాలు షుగర్ 70 కంటే పడిపోకుండా చూసుకుంటే ఆ గుర్తులు మళ్ళీ తెలియసాగాయి. దీని గురించి మీ డాక్టరును అడగండి.

అమ్మాయికి ఉగ్గాని తిన్నరోజు ఎన్ని యూనిట్లు వేసుకోవాలో కుదరక తిప్పలవుతుంటే, ఎన్ని బొరుగులు తిన్నదో, రెండు గంటల తరువాత మీటరు ఎంత చూపిందో రాయండి. ఆ లెక్క నేను 29 ఏళ్ళుగా వేస్తున్నాను. ఇప్పటికీ బజ్జీ దగ్గర తప్పుతూ ఉంటాను.