ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకు

చి. సౌమ్యకు ఆశీస్సులు.

ఆంగ్ లీ తీసిన చైనీస్ కత్తియుద్ధాల సినిమా 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'ను విమర్శకులు ఎలా చూశారో సెమినార్ పేపర్ రాస్తున్నానన్నావు. సంతోషం తల్లీ. కానీ నువ్వు పంపిన మొదటి పేరాలో 'పాశ్చాత్యులు నెత్తిన పెట్టుకున్నారు, చైనావాళ్లు పెదవి విరిచారు' అన్న వాక్యం ఉంది చూడు, ముందు దాన్ని కొట్టెయ్యి. ఈ సినిమా గురించి అందరూ రాసేది అదే. అందులో నిజం సగమే.

అమెరికాలో 12.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది, 2001లో నాలుగు ఆస్కార్లు తెచ్చుకుంది. చైనాలో అంతగా ఆడని మాటా నిజమే. మరి 2000లో తైవాన్ గోల్డెన్ హార్స్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, మరుసటి ఏడాది హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం ఇదే కదా! వాళ్లూ చైనీస్ భాషల ప్రేక్షకులేగా. వాళ్లను ఏ గాటన కడతావు? అందుకే ప్రతి రివ్యూ పక్కన ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎవరి కోసం రాశారో రాసుకో. సగం చిక్కుముడులు అక్కడే విడిపోతాయి.

యాస సంగతి మాత్రం తీరిగ్గా రాయాలి. ప్రధాన నటుల్లో చౌ యున్ ఫాట్‌ది హాంకాంగ్, మిషెల్ యోది మలేషియా, చాంగ్ చెన్‌ది తైవాన్, జాంగ్ జియీది బీజింగ్. సినిమా భాష అయిన మాండరిన్ చైనీస్ నలుగురి నోటా నాలుగు రకాలుగా పలికింది. పౌరాణికంలో కృష్ణుడు శ్రీకాకుళం యాసలో, అర్జునుడు చిత్తూరు యాసలో మాట్లాడితే మన చెవికి ఎలా ఉంటుంది? బీజింగ్ ప్రేక్షకుడి ఇబ్బంది అలాంటిదే. సబ్‌టైటిల్స్ చదువుకున్న న్యూయార్క్ విమర్శకుడికి ఆ ఇబ్బందే లేదు. అలాగని ఇద్దరిలో ఎవరినీ తక్కువ చేసి రాయకు.

ఇక పోరాటాల్లో పాత్రలు గాల్లో ఎగరడం. వూషియా కత్తివీరుల కథలు చూస్తూ పెరిగినవాళ్లకు అందులో వింతేమీ లేదు. జేడ్ ఫాక్స్‌గా వేసిన చెంగ్ పెయ్ పెయ్, 1966లో కింగ్ హూ తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో కథానాయిక. పాత ప్రేక్షకులకు ఆమెను విలన్‌గా చూడటంలోనే ఒక కథ ఉంది. ఆ సినిమా చూడకుండా పేపర్ ముగించకు.

రివ్యూలు పక్కన పెట్టి, రాత్రిపూట కత్తి దొంగతనం అయ్యాక వచ్చే పోరాటాన్ని ఒకసారి సబ్‌టైటిల్స్ ఆపేసి చూడు. సంగీత దర్శకుడు టాన్ డన్ అక్కడ డప్పుల మోత తప్ప దాదాపు ఏమీ వాడలేదు. ముసుగులో ఉన్న జెన్ (జాంగ్ జియీ) పైకి లేవబోయినప్పుడల్లా షూ లియెన్ (మిషెల్ యో) కాలితో తొక్కి, చేత్తో పట్టి ఆమెను కిందికి లాగుతూ ఉంటుంది. ఎగిరిపోవాలనుకునే పిల్లకూ, కట్టుబాట్లకు లోబడి బతికిన స్త్రీకీ మధ్య గొడవంతా ఆ కాళ్ల దగ్గరే ఉంది. నటులను గాల్లోకి లేపిన వైర్లు చూసి నవ్వేసిన విమర్శకుడు ఇది గమనించాడా లేదా అన్నది నీ కొలబద్ద కావాలి. మెచ్చుకున్నవాళ్లనూ దానితోనే కొలువు. 'కంటికి విందు' అని ఊరుకున్నవాళ్లు చాలామందే కనిపిస్తారు.

వసూళ్ల అంకెలకు ఎక్కువ చోటివ్వకు. చైనాలో విడుదల ఆలస్యమై, ఈలోగా పైరసీ డిస్కులు వచ్చేశాయి. టికెట్లు తెగనంత మాత్రాన నచ్చలేదని రాస్తే తప్పవుతుంది.

రెండో డ్రాఫ్ట్ పంపేటప్పుడు నువ్వు ఉదహరించిన రివ్యూల పూర్తి పాఠాలు కూడా జత చెయ్యి. ముక్కలు కాదు, మొత్తం చదవాలి నాకు.

ఇట్లు,
నీ పెదనాన్న