ప్రతి జనవరికీ మారాలనుకుని ఆగిపోతున్నాను

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. సీజన్‌లో ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. బీకాంలో నాతో చదివినవాళ్ళు అమెరికాలో, హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. నేనూ మారాలని జనవరి ఒకటికి, మళ్ళీ ఉగాదికి కొత్త నోట్‌బుక్కు కొని రాసుకుంటాను: నాలుగింటికి లేవడం, ధ్యానం, నడక, ఇంగ్లీషు, నెలకో పుస్తకం, షేర్ మార్కెట్. పదిరోజులకే అన్నీ ఆగిపోతాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అన్నం తింటూ కూడా మోటివేషన్ వీడియోలు వింటుంటాను. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నాతో మాట్లాడటం తగ్గించేసింది. ఏం చెప్పినా క్లాసు పీకుతున్నానంటుంది. కొట్లో మాత్రం రైతులు నన్నే వెతుక్కుంటూ వస్తారు, పట్టీ (సరుకు అమ్మాక ఇచ్చే లెక్క కాగితం) చదివి చెప్పమని. హైదరాబాద్‌లో మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరం ఉంది, 40 వేలు. చీటీ పాడి వెళదామనుకుంటే మా ఆవిడ వద్దంటోంది. నాలో పట్టుదల లేదా?

జవాబు: ముందు డబ్బు సంగతి. చీటీ పాడకండి. ఈ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది. పనికీ ఇంటికీ దూరంగా, వందలమంది మధ్య మూడు రోజులు కూర్చుంటే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. తిరిగొచ్చాక అది వారం నిలవకపోతే ఆ తప్పు కూడా మీ మీదే వేసుకుంటారు. చీటీ వాయిదాలు మాత్రం కడుతూనే ఉంటారు.

ఇక పట్టుదల. మీరు రాసిన రెండు తేదీలు చూడండి. యార్డుకి కొత్త కాయ రావడం ఊపందుకునేది జనవరిలో. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి దిగే రోజులుంటాయి. కాటాలు, పట్టీలు, చెల్లింపులు, పైగా మార్చి నెలాఖరు లెక్కలు. ఉగాది సరిగ్గా ఆ రద్దీలోనే వస్తుంది. ఏడాది మొత్తంలో ఊపిరాడని నెలల్నే ఏరుకుని మరీ ఆరు కొత్త పనులు నెత్తికెత్తుకుంటున్నారు. మిర్చి ఘాటుకి మండే కళ్ళతో రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేవలేకపోతే దాన్ని పట్టుదల లేకపోవడం అనకూడదు. పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే దక్కేది ఐదు గంటలే.

మీరు వినే వీడియోలు ఏడాది పొడుగునా ఒకేలా గడిచే ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతాయి. మీ ఏడాది అలా నడవదు. మే నెలలో ఎండలకి యార్డుకి సెలవులిస్తారు. మళ్ళీ తెరిచాక వచ్చేది ఎక్కువగా ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీల్లో దాచిన కాయ, సీజన్‌తో పోలిస్తే పని తేలిక. మీరు కొత్తగా ఏది మొదలుపెట్టినా అప్పుడు పెట్టండి. సీజన్‌లో మాత్రం నిద్ర, వేళకి తిండి, ఈ రెండూ నిలుపుకుంటే చాలు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని కూడా మీరు వినే ఉంటారు. 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పుస్తకంలో, ఆపరేషన్ అయినవాళ్ళు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. ఆ మాట తర్వాత అన్ని అలవాట్లకీ అంటుకుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2009లో వెల్లడించిన లెక్క వేరు: సగటున 66 రోజులు, కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా వాళ్ళు చూశారు. మీరు పదకొండో రోజు మానేసి పన్నెండో రోజు మళ్ళీ కూర్చుంటే సరిపోయేది. నోట్‌బుక్కే మూసేశారు.

ఆ ఆరింటిలో ఒక్కటి ఉంచుకోండి. ఎవరూ మెచ్చుకోకపోయినా, రూపాయి రాకపోయినా మీకు చేయాలనిపించేది. అది పుస్తకాలే అయితే బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయం ఉంది, సాయంత్రం ఓ గంట కూర్చుని రండి. షేర్ మార్కెట్ మాత్రం ఇప్పుడు అసలే వద్దు. కలత మీదున్న మనసుతో డబ్బు జోలికి పోకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది రైతుల మాట. ఏడాది పెట్టుబడి, ఇంటిల్లిపాది కష్టం ఆ పట్టీ మీద తేలిపోతాయి. ఎంత కోత పడింది, ఎందుకు పడింది అని విడమరిచి చెప్పే మనిషి కోసం అంత జనంలో వాళ్ళు మిమ్మల్ని వెతుక్కుంటున్నారు. విసుక్కోకుండా, ఎదుటివాడికి అర్థమయ్యేదాకా చెప్పడం మీకు వచ్చు. మీ నోట్‌బుక్కుల్లో ఎక్కడైనా ఇది రాసుకున్నారా? అమెరికాలో ఉన్న స్నేహితుల జీతాలు లెక్కేసుకున్నంత శ్రద్ధగా దీన్ని లెక్కలోకి తీసుకోలేదని నాకనిపిస్తోంది, అందుకు నాకు బాధగా ఉంది.

అదే ఓపిక ఇంట్లో ఎందుకు కనబడటం లేదో ఆలోచించండి. రైతుకి ఆయన అడిగాక చెబుతారు. మీ అమ్మాయికి తను అడగకముందే చెబుతున్నారు. బళ్ళో జరిగింది చెప్పబోతే అందులోంచి ఒక పాఠం తీసి చేతిలో పెడుతున్నారు. ఆ పిల్లకి పాఠం వినబడటం లేదు, 'నాలా కాకు' అనే మీ భయం వినబడుతోంది. తండ్రి తనని తాను ఓడిపోయినవాడిగా చూసుకుంటుంటే ఆ వయసు పిల్లకి అది చాలా బరువు. అన్నం దగ్గర ఫోన్ పక్క గదిలో పెట్టండి. తను చెప్పింది వినండి, 'తర్వాతేమైంది?' అని మాత్రం అడగండి. మొదట్లో ఆమె మాట్లాడకపోవచ్చు. ఖాళీగా ఉన్న ఆ నాలుగు నిమిషాలని సలహాతో నింపకండి. నెల పట్టినా పట్టనివ్వండి.

నిద్ర పట్టడం లేదని ఒక్క ముక్కే రాశారు, దాన్ని తేలిగ్గా వదిలేయకండి. ముందు బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్ళండి. బతకడం దండగ అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒక్క క్షణం ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆసుపత్రికి మీ ఆవిడని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. మీరు మేలుకునే ఉన్న రాత్రుల సంగతి డాక్టరుగారికి ఆవిడే వివరంగా చెప్పగలరు.