నలభై రోజుల ఎండ కోసం కూనూరులో ఇల్లా?

ప్రశ్న: మాది కొత్తగూడెం. మావారు సింగరేణిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఇంట్లోకి వచ్చాం. పోయిన మే నెలలో బజారు నుంచి వస్తూ ఆయన వడదెబ్బ తగిలి రోడ్డు మీదే పడిపోయారు. ఎవరో నెత్తిన నీళ్ళు పోసి ఆటో ఎక్కించి పంపారు. అప్పటి నుంచి చల్లటి చోట ఇల్లు కొందామని ఒకటే పట్టు. ఒకరోజు తమిళనాడులో నీలగిరి కొండల మీది కూనూరు అంటారు, ఒకరోజు అరకు అంటారు. అరకులో ఒక బ్రోకర్ అగ్రిమెంట్ మీద స్థలం ఇప్పిస్తానన్నాడట. గ్రాట్యుటీ డబ్బంతా అందులోనే పెడతానంటున్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఎనభై నాలుగేళ్ళ అత్తయ్య గడప దాటనంటోంది. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయేమో ‘నాన్న సరదా కాదనకు’ అంటోంది. నేను వద్దంటే ఇంట్లో గొడవ. వేసవి సెలవుల్లో మనవలు వచ్చే ఆ నెల రోజులే నాకు ఏడాదికి మిగిలిన పండగ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ చివరి మాట. మోకాళ్ళ నొప్పి నిజమే, అత్తగారి మొండితనమూ నిజమే. కానీ మీరు కూనూరు వద్దనడానికి అసలు కారణం మనవలు అనిపిస్తోంది. ఆ మాట మీవారితో ఒక్కసారైనా అన్నారా?

వేసవి అంటే మీ ఇద్దరికీ ఒకటి కాదు. మీకు ఆవకాయ జాడీలు, డాబా మీద వడియాలు, మంచాలు చాలక కింద పరుచుకున్న పక్కలు. ఆయనకు మాత్రం నడిరోడ్డు మీద కళ్ళు బైర్లు కమ్మిన ఆ మధ్యాహ్నం. ఇన్నేళ్ళు గని ఉక్కపోతకు ఓర్చుకున్న మనిషి, తెలిసినవాళ్ళు తిరిగే బజార్లో పడిపోయారు. భయమేస్తోందని చెప్పడం ఆయనకు రాదు. అందుకే కూనూరు అంటున్నారు. మీరు వద్దన్నప్పుడల్లా, నేను పోయినా దీనికి పట్టదా అని ఆయనకు అనిపిస్తుంటుంది. ఆయన కొందామన్నప్పుడల్లా, పిల్లలు వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుందని మీకు గుబులు.

కాబట్టి ముందు ఇంటి మాట పక్కన పెట్టి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఫిబ్రవరి, మార్చిలోనే వెళ్ళాలి. ఆయనకు బీపీ ఉంటే, దానికి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని తీసేస్తాయి. వాటి మోతాదు ఎండాకాలంలో మార్చాలో లేదో డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపకండి. మీరు వెంట వెళ్ళడమే ఆయనకు సగం ధైర్యం.

ఇక ఇల్లు. కొత్తగూడెం ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు, బొగ్గు గనులున్న ఊరు వేడి దాచుకుని రాత్రి కూడా వదలదు. అయినా లెక్క వేసి చూడండి. మనిషి తట్టుకోలేని ఎండ కృత్తిక కార్తెలో, అంటే మే రెండో వారంలో ముదురుతుంది. రోళ్ళు పగిలే రోహిణి దాటి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడేదాకా ఉంటుంది. ముందూ వెనకా కలుపుకున్నా నలభై రోజులు. ఆ నలభై రోజుల కోసం జీవితమంతా కష్టపడి కూడబెట్టిన డబ్బు ఒకేచోట పోయడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. బొగ్గు గని పెన్షన్‌కు డీఏ ఉండదు, మొదట ఎంత వస్తే ఎప్పటికీ అంతే. ధరలు పెరిగేకొద్దీ మిమ్మల్ని ఆదుకోవాల్సింది ఆ గ్రాట్యుటీయే.

అరకు సంగతి గట్టిగానే చెబుతాను. అది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం గురించి మీ జిల్లా వాళ్ళకు ఒకరు చెప్పాలా? గిరిజనేతరుల పేరు మీద అక్కడ భూమి రిజిస్టర్ కాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడే అయి ఉండాలి. చలికి పేరుపడ్డ లంబసింగిలోనూ ఇదే చట్టం. బ్రోకర్ ఇస్తానంటున్న అగ్రిమెంట్‌తో ఆ స్థలం మీది కాదు, డబ్బు పోతే వెనక్కి రాదు. ఆ చట్టం గిరిజనుల భూమి చేతులు మారకుండా కాపాడటానికి వచ్చింది. దాన్ని తప్పించుకుని కట్టిన ఇంట్లో మీకు నిద్ర ఎలా పడుతుంది? ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వనీయకండి.

కూనూరులో కొనడానికి అలాంటి అడ్డు లేదు. సుమారు 1,850 మీటర్ల ఎత్తు, మే నెలలో కూడా రాత్రి దుప్పటి కావాలి. ఆయన మనసు పడటంలో తప్పు లేదు. కానీ ఆయన ఊహించుకునేది మే నెల కూనూరు. ఇల్లు పన్నెండు నెలలూ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ జోరు వానలు. 2009 నవంబరులో ఆ నీలగిరుల్లోనే కొండచరియలు విరిగిపడి ఎన్నో ప్రాణాలు పోయాయి. వాలు మీద ఇల్లు అంటే గుమ్మంలోంచే మెట్లు, మీ మోకాళ్ళకు రోజూ పరీక్ష. సికింద్రాబాద్ నుంచి కోయంబత్తూరుకు రైల్లో ఒక రాత్రంతా, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. మీకు తమిళం రాదు. ఆయన వాకింగ్‌కు వెళితే ఎవరో ఒకరు దొరుకుతారు. ఇంట్లో ఉండే మీకు పక్కింటావిడతో రెండు మాటలు లేకపోతే పొద్దు పోతుందా?

మా పెద్దమ్మ వాళ్ళు ఇలాగే ఒక కొండ ఊళ్ళో ఇల్లు కొన్నారు. రెండో ఏడాది వేసవిలో నేనూ వాళ్ళతో వెళ్ళాను. తాళం తీయగానే తడి గోనెసంచి వాసన. ట్రంకుపెట్టెలో ఉంచిన పట్టుచీర మడతల్లో తెల్లగా బూజు, పరుపు అడుగున నల్లటి మచ్చలు, వంటింటి అలమరలో ఎలుకలు కొరికిన పప్పు సంచి. ఎండ గంటో రెండు గంటలో కాసేది. ఆ కాస్త ఎండలోకి పెద్దమ్మ పరుపులు ఈడ్చుకొచ్చేది, మబ్బు పట్టగానే మళ్ళీ లోపలికి ఈడ్చేది. పెదనాన్న వరండాలో కూర్చుని, ఎంత హాయిగా ఉందో చూడవే అన్నారు. ఆవిడ మాట్లాడలేదు. ఆ ఇల్లు కొనేముందు ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ ఆవిడ చేతులే గుర్తొస్తాయి. చల్లటి ఇల్లు కొనాలా వద్దా అని ఎవరు అడిగినా, ఆ ఇంటిని ఏటా తెరిచి శుభ్రం చేసేది ఎవరని నేను ఎదురు అడుగుతాను.

నా సలహా, ఈ ఏడాది కొనకండి, అద్దెకు తీసుకోండి. అదీ మదనపల్లెలో. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. పగలు ఎండ ఉంటుంది, కాదనను. కానీ సాయంత్రానికి గాలి మారుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. ఆ ఊరి గాలి మంచిదనే వందేళ్ళ కిందట క్షయ రోగుల కోసం పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం పెట్టారు. ఇంకా చల్లదనం కావాలంటే 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్ దగ్గర్లోనే ఉంది, పొద్దున వెళ్ళి సాయంత్రం దిగి రావచ్చు. కూరలమ్మితో, ఆటో అతనితో తెలుగులోనే మాట్లాడతారు. పెద్దాసుపత్రి అవసరమైతే బెంగళూరు మూడు గంటల దారి. మీ రిటైర్డ్ ఉద్యోగుల మెడికల్ కార్డు అక్కడ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయలుదేరేముందే ఆఫీసులో కనుక్కోండి.

కింది పోర్షన్ చూసుకోండి, మెట్లు ఉండవు. బాత్‌రూమ్ ఇంట్లోనే ఉండాలి. వేసవిలో నీళ్ళు రోజూ వస్తాయా, ట్యాంకర్ కొనాలా అని ఇంటివాళ్ళను కాదు, పక్కింటివాళ్ళను అడగండి. ఆ వైపు నీటి ఎద్దడి మామూలే.

ఏప్రిల్ చివర్లో ఎప్పటిలాగే కొత్తగూడెంలో ఆవకాయ పెట్టేయండి. వడియాలూ ఆ ఎండలోనే పెట్టుకోండి. మే మొదటి వారంలో బయలుదేరండి. మనవలను ఈసారి మదనపల్లెకే పిలవండి. ఈ మాట అమ్మాయితో మీరే చెప్పండి. నాన్న సరదా సరే, మరి అమ్మ సరదా ఏమిటో తనకూ తెలియాలి.

అత్తగారి విషయం తేలిగ్గా తీసుకోకండి. ఆ వయసులో దాహం తెలియదు, చెమటా సరిగా పట్టదు. వడదెబ్బ ప్రమాదం మీవారికంటే ఆవిడకే ఎక్కువ. మీరు ఎక్కడికి వెళ్ళినా వెళ్ళకపోయినా, ఇంట్లో ఒక గది చల్లగా ఉండేలా చేయండి. స్లాబు మీద తెల్లటి కూల్ పెయింట్, పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడిక, ఒక ఏసీ. నలభై, యాభై వేల ఖర్చు. మీరు వెళ్ళిన నెల రోజులూ ఆవిడ అదే ఇంట్లో ఉండేలా ఆడపడుచులో, మరుదులో ఎవరైనా వచ్చి ఉండగలరేమో అడగండి. ఎవరూ రాలేకపోతే ఈ ఏడు మీరూ ఆ గదిలోనే గడపాల్సి రావచ్చు. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి మాత్రం వెళ్ళకండి.

మీవారితో ఈ రాత్రే మాట్లాడండి. ‘వద్దు’ అని మొదలుపెట్టకండి. ‘ఆరోజు మిమ్మల్ని ఆటోలో తెచ్చినప్పుడు నా గుండె ఆగిపోయింది’ అని మొదలుపెట్టండి. ఆ తర్వాత మనవల సంగతి చెప్పండి. మదనపల్లెలో నెల గడిపాక కూడా ఆయన మనసు కూనూరు మీదే ఉంటే, నవంబరులో, వానల్లో, ఇద్దరూ కలిసి వెళ్ళి పది రోజులు అద్దె ఇంట్లో ఉండి రండి. వంట మీరే చేసుకోండి, బట్టలు అక్కడే ఆరేసుకోండి. తిరిగి వచ్చాక నాకు మళ్ళీ రాయండి. ఈసారి ఆయన్ని కూడా రాయమనండి.