నాటకంలో చదవడానికి ఏముంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం ఫైనలియర్. కాలేజీలో రెండు నాటికలు వేశాడు. ఇప్పుడు ఎంబీఏ వద్దు, థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తానంటున్నాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. డైలాగులు బట్టీపట్టి చెప్పడానికి మళ్లీ చదువెందుకు సార్? రేపు ఉద్యోగం వస్తుందా?
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఆ బట్టీ సంగతి చూద్దాం.

నిరుడు మన ఊళ్లోనే ఒక నాటిక రిహార్సల్‌కి వెళ్లాను. తండ్రి కింద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. కొడుకు వచ్చి ఫీజు డబ్బులు అడగాలి. “కొత్తవి కొనుక్కోవచ్చుగా నాన్నా” అంటాడు. “ఇవింకా వస్తాయిరా” అంటాడు తండ్రి. అంతే, డబ్బు మాట ఇద్దరూ ఎత్తరు. ఆ ముక్క నోటికి రావడానికి అరనిమిషం చాలు. కానీ కుర్రాడు గంటసేపు తంటాలు పడ్డాడు. ఎంత జాలిగా అన్నా దర్శకుడు ఒప్పుకోడు. “నువ్వడిగేది చెప్పుల గురించి కాదురా, ఆయన జేబులో ఎంతుందో కనుక్కుంటున్నావు” అన్నాడు. చివరికి తండ్రి సూది ఆపి తలెత్తేదాకా వాడు కదలకుండా నిలబడ్డాడు. చూస్తున్న నాకు గొంతు పట్టేసింది.

ఒకరికి ఏదో కావాలి, దానికేదో అడ్డముంది. నాటకం నడిచేది దాని మీదే. ఇతివృత్తం, పాత్ర, సంభాషణ, సంఘర్షణ అని పుస్తకాలు విడివిడిగా చెప్తాయి గానీ, అన్నీ ఆ చెప్పు దగ్గరే కలిశాయి. అరిస్టాటిల్ విషాదాంత నాటకానికి ఆరు అంగాలు చెప్పి, కథ అల్లికకే పెద్దపీట వేశాడు. నాట్యశాస్త్రం రాసిన మన భరతుడు అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగు చేశాడు. మీరన్న బట్టీ వాచికంలో ఒక మూల మాత్రమే.

ఇక రాసేవాడి పని. ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానులుకి కట్టబెడతాడు. పెళ్లికూతురు మగపిల్లాడని మనకి తెలుసు, ముసలాయనకి తెలీదు. ఈ గుట్టు చివరిదాకా దాచి ఉంటే మనం ఒక్కసారి ఆశ్చర్యపోయేవాళ్లం. ముందే తెలియడం వల్ల ఆయన నోరు విప్పినప్పుడల్లా నవ్వొస్తుంది, ఎక్కడ బయటపడిపోతుందోనని టెన్షన్ కూడా. ఏది ఎప్పుడు చెప్పాలో తెలియడమే అసలు విద్య. 1892లో పక్కనే విజయనగరంలో మొదటిసారి ఆడిన ఆ నాటకాన్ని గురజాడ అక్కడితో వదల్లేదు. బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించారు.

లైటింగ్, సెట్, మేకప్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. కానీ కాస్త నిలకడగా పని దొరికేది తెర వెనకే అని నా అనుభవం. మీవాడు నటన ఒక్కటే అంటే మాత్రం నేనూ కంగారుపడతాను.

ఉద్యోగం విషయానికొస్తే, క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిది ఆశించకండి. సీరియళ్లు, డబ్బింగ్, స్క్రిప్టు రచన, స్కూళ్లలో డ్రామా నేర్పడం, ఈవెంట్లు... రెండు మూడు కలిపితేగానీ ఇల్లు గడవదు. ఆకాశవాణి డ్రామా ఆడిషన్ పాసైతే గ్రేడ్ ఇస్తారు, కానీ అది నెలజీతం కాదు. పైచదువుకి ఊరు దాటక్కర్లేదు, ఆంధ్రా యూనివర్సిటీలోనే థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా చూడొచ్చు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా. దానికి డిగ్రీ తప్పనిసరి, నాటకాల్లో చేసిన అనుభవం చూపించాలి, హిందీ, ఇంగ్లిష్ అర్థం కావాలి. మీవాడి హిందీ ఎలా ఉందో నాకు తెలీదు, ఇప్పుడే మొదలుపెట్టమనండి.

వాళ్ల నాన్నగారిని మాటలతో ఒప్పించడం కష్టం. కళాభారతిలోనో చిల్డ్రన్స్ థియేటర్‌లోనో ఈసారి మంచి నాటకం పడితే ముగ్గురూ కలిసి వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు ఏ సీను ఎందుకు తేలిపోయిందో వాడినే చెప్పమనండి. బండి గాజువాక చేరేలోపు వాడికి ఇందులో ఎంత పట్టుందో ఆయనకే తెలుస్తుంది.

అన్నట్టు, ఈ సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టాడో లేదో ఒకసారి అడగండి.