ముగ్గురే మిగిలితే

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక కథ రాశాను, దీంతో పంపుతున్నాను. ఏదో రోగం వచ్చి లోకమంతా పోయాక నెల్లూరులో ముగ్గురే మిగులుతారు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి కోసం ఇద్దరూ పెన్నా వంతెన మీద కొట్టుకుంటారు, ఒకడు చనిపోతాడు. "భూమ్మీద ముగ్గురే ఉంటే ఎవడైనా కొట్టుకుంటాడా?" అని మా ఫ్రెండ్స్ కొట్టిపారేశారు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: కొట్టుకుంటారు. నాకు ఆ అనుమానమే లేదు.

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే బయటపడింది. లాక్‌డౌన్ పెట్టేసరికి మూలపేటలో మా అపార్ట్‌మెంట్ సగం ఖాళీ. మిగిలినవాళ్లలో ఒక రిటైర్డ్ టీచరుగారు, ఒక రిటైర్డ్ రైల్వే ఆయన, మా ఎదురు ఫ్లాట్ పెద్దావిడ. ముగ్గురూ ఒంటరివాళ్లే. ఒకరోజు ఆవిడ బీపీ మాత్రలు తెచ్చిపెట్టమని రైల్వే ఆయనకు చెప్పింది. టీచరుగారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. "నేనూ మెడికల్ షాపుకి వెళ్తూనే ఉన్నా కదమ్మా, నన్నెందుకు అడగలేదంటావ్?" అని మెట్ల దగ్గర నన్ను అడిగారు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఊరినిండా జనం ఉన్నప్పుడు ఒకరు కాదంటే ఇంకొకరున్నారని సర్దుకుంటాం. ముగ్గురే ఉన్నచోట ఇద్దరు ఒకటైతే మూడోవాడికి ఇక లోకమే లేదు. మీ కుర్రాళ్ల కొట్లాటలో ఆ భయం రావాలి. మీరు కోపం మాత్రమే రాశారు.

1959లో వచ్చిన 'ది వరల్డ్, ద ఫ్లెష్ అండ్ ద డెవిల్' అనే హాలీవుడ్ సినిమా దొరికితే చూడండి. బొగ్గు గనిలో చిక్కుకుపోయిన నల్లజాతి యువకుడు బయటికొచ్చేసరికి మనుషులెవరూ ఉండరు. ఆ పాత్ర హ్యారీ బెలఫాంటే వేశాడు. ఖాళీ న్యూయార్క్‌లో అతనికి ఒక తెల్లమ్మాయి కనిపిస్తుంది. ఆమెకు కరెంటు ఏర్పాటు చేస్తాడు, ఫోన్ పెడతాడు, కానీ ఒకే బిల్డింగ్‌లో ఉండటానికి ఒప్పుకోడు. చూసేవాళ్లు లేరు, అనేవాళ్లు లేరు, అయినా ఆ గీత దాటలేడు. అప్పట్లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ పెళ్లి నేరం. ఆ చట్టాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. ఆ తర్వాత పడవలో ఒక తెల్లవాడు దిగుతాడు. చివరికి తుపాకులు పట్టుకుని ఖాళీ వీధుల్లో ఒకరినొకరు వేటాడుకుంటారు.

మీ కథలో నాకు దొరకనిది ఆ గీతే. మీ ఇద్దరు కుర్రాళ్లకీ ఊరు లేదు, ఇల్లు లేదు, కులం లేదు. ఒకడిది మైపాడు దగ్గర చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాలెం, రెండోవాడిది కోవూరు వైపు పొలాలున్న ఇల్లు అనుకోండి. వల వెయ్యడం వచ్చినవాడే ముగ్గురికీ తిండి పెట్టాలి. రెండోవాడు ఆ చేపలు తింటాడు. కానీ ఆ అమ్మాయి ఆ వల వేసినవాడి పక్కన కూర్చుంటే ఓర్చుకోలేడు. జనం పోయినా జనం నేర్పింది వాడి తలలోనే ఉంది.

ఒక చిన్న తప్పు. నెల తర్వాత కూడా మీ కథలో ఫ్యాన్ తిరుగుతోంది. మనుషులు లేకుండా కృష్ణపట్నం థర్మల్ ప్లాంటు అన్నాళ్లు నడవదు. మొదటి వారంలోనే చీకటి చేసెయ్యండి.

అసలు ఇబ్బంది అమ్మాయితో. పన్నెండు పేజీల్లో ఆమె మాట్లాడింది నాలుగుసార్లు, అందులో రెండు "ఆగండి" అనే మాటే. మా పెద్దావిడను నేను తర్వాత అడిగాను, ఆయనకే ఎందుకు చెప్పారని. "ఆయన ఆరింటికే లేస్తాడమ్మాయ్, అందుకని" అంది. ఆ ఇద్దరిలో ఒక్కరూ ఆవిడను అడగలేదు. మీరూ అడగలేదు. "ఆమె వంతెన మీద నిలబడి చూస్తోంది" అని చివరి పేజీలో రాశారు. ఆ వాక్యం దగ్గర ఆగి, ఆమెకు ఏం అనిపిస్తోందో రాయండి. రాసి మళ్లీ పంపండి, చదువుతాను.