శ్రీకాకుళం జిల్లా నైరలో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాది చదువుతున్నాను. గ్రామీణాభివృద్ధి విధానాల వైపు వెళ్లాలంటే ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాలి, పీజీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలి?

పీజీలో వ్యవసాయ అర్థశాస్త్రం గానీ విస్తరణ (కొత్త పద్ధతులను రైతుల దగ్గరికి చేర్చే శాస్త్రం) గానీ తీసుకోండి. ఆగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) చేసినా ఇటు రావచ్చు, కాకపోతే స్టాటిస్టిక్స్ గట్టిగా చదవాలి. ఆ తర్వాత విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాలు, ఆమదాలవలసలో ఉన్నలాంటి కేవీకేలు (కృషి విజ్ఞాన కేంద్రాలు), గ్రామీణ బ్యాంకు నాబార్డ్‌లో గ్రేడ్ ఎ అధికారి ఉద్యోగం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ), మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ), ఢిల్లీలోని నియాప్ (వ్యవసాయ అర్థశాస్త్ర, విధాన పరిశోధన సంస్థ) ఇవన్నీ ఈ పని జరిగే చోట్లే.

సబ్జెక్టు కన్నా ముఖ్యమైనది, అంకె పొలంలో ఎలా పుడుతుందో మీ చేత్తో తెలుసుకోవడం. పంట కోత ప్రయోగం (పొలంలో కొంత చోటు కోసి, తూచి దిగుబడి లెక్కగట్టడం) ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూడండి. వరికి 5 మీటర్లు × 5 మీటర్ల చదరం. నాలుగు మేకులు పాతి తాడు కట్టాక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, 7.07 మీటర్లు రావాలి. రాలేదంటే చదరం వంకర పోయినట్టే. మొదలు తాడు లోపల ఉన్న దుబ్బు, కంకి బయటికి వాలినా లెక్కలోకి వస్తుంది. మొదలు బయట ఉంటే కంకి లోపలికి వాలినా వదిలేయాలి. చోటు కూడా యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారమే ఎంచుకోవాలి. గట్టు పక్కన బాగా పండిన చోట తాడు వేస్తే ఆ ప్రయోగం చెడినట్టే.

12.5 కిలోల గింజ వచ్చిందనుకోండి. హెక్టారులో అలాంటి చదరాలు 400 కాబట్టి, 400తో గుణిస్తే హెక్టారుకు 5,000 కిలోలు, ఎకరాకు సుమారు 2,025. ఇక్కడే పొరపాట్లు దొర్లుతాయి. కాటా అరకిలో తేడా చూపిస్తే ఎకరాకు 81 కిలోలు, అంటే ఒక బస్తా, గాలిలోంచి పుట్టుకొస్తుంది. గింజలో తేమ 20 శాతం ఉంటే, 14 శాతానికి ఆరేసరికి ఆ 12.5 కిలోలు 11.6 అవుతాయి. పచ్చి తూకమే రాసేస్తే దిగుబడి పెరిగినట్టు కనిపిస్తుంది. పంట బీమాలో పరిహారం కట్టేది నిర్ణీత దిగుబడికీ అసలు దిగుబడికీ ఉన్న తేడాను బట్టి. కళ్లంలో ధాన్యం ఆరబెట్టకుండా తూచినందుకు ఊరంతా నష్టపోతుంది.

“ఎకరాకు ఎన్ని బస్తాలు?” అని అడిగితే బస్తా ఎంతో కూడా అడగండి. పై దిగుబడే 75 కిలోల బస్తాల్లో 27, 80 కిలోల బస్తాల్లో 25. అది రాసుకోకుండా రెండు మండలాలను పోల్చకండి.

కౌలు సంగతి ఇంకా సున్నితం. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు కార్డు 11 నెలలకు ఇస్తారు, దానికి భూ యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నమోదు చేసేది) యజమాని పేరే ఎక్కితే సాయమూ ఆయనకే పోతుంది. అందుకని “మీకెంత భూమి ఉంది?” అని మొదలెట్టకండి. “ఈ ఖరీఫ్‌లో ఎంత చేశారు, అందులో సొంతం ఎంత, కౌలు ఎంత, గింజ కౌలా డబ్బు కౌలా?” అని అడగండి. భూ యజమాని పక్కన ఉన్నప్పుడు ఈ ప్రశ్న అడగవద్దు, సరైన జవాబు రాదు. వరి పల్లంలో ఒక లెక్క, చోడి (రాగి) వేసే మెట్టలో ఇంకో లెక్క, రెండూ కలిపి సగటు తీయకండి.

నాలుగో ఏడాది రావెప్‌లో (గ్రామంలో ఉండి పని అనుభవం పొందే కార్యక్రమం) ఊళ్లో ఉంటారు కదా, ఈ ప్రశ్నలతో 30 కుటుంబాల వివరాలు తీసుకోండి. భూమి లేనివాళ్లను, ఆడవాళ్లే సాగు చూసుకునే ఇళ్లను వదిలేయకండి. వలస ఉన్న ఊళ్లలో అలాంటి ఇళ్లు తక్కువేమీ ఉండవు. తర్వాత రెండు పేజీల నోట్ రాయండి: సమస్య ఏమిటి, ఎంతమందికి, ఖర్చెంత, ఏ నెలలో ఎవరు చేయాలి. విత్తనం గురించి అయితే మార్చిలోపే ఇవ్వాలి. జూన్‌లో ఆకుమళ్లు పోశాక ఇస్తే అది మళ్లీ ఏడాదికే పనికొస్తుంది.