ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న వ్యాపారానికి కోవర్కింగ్ స్పేస్ (సీటుకింతని నెలనెలా అద్దె కట్టి, నలుగురితో కలిసి వాడుకునే ఆఫీసు) వల్ల లాభమా, డబ్బు దండగా?

లాభమే. కాకపోతే వాళ్ల ప్రకటనల్లో చెప్పే లాభాలు కావు. వైఫై ఇంట్లోనూ ఉంటుంది, కాఫీ అయితే ఇంట్లోదే నయం.

నేను పచ్చళ్లు, పొడులు, స్వీట్లు చేసే చిన్న కంపెనీలకు లేబుళ్లు, డబ్బాల డిజైన్లు చేసిస్తాను. నా దగ్గర ఒక అమ్మాయి పనిచేస్తుంది. కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే మొదలుపెట్టాం. ఇంట్లో కూర్చుని సంపాదించే ఆడదాన్ని ఎవరూ పనిలో ఉందనుకోరు, ఖాళీగా ఉందనుకుంటారు. గ్యాస్ బండ వస్తే నేనే దించుకోవాలి, పక్క ఫ్లాట్ వాళ్ల కొరియర్ నేనే తీసుకోవాలి, ఎదురింటి వాళ్లు ఊరెళ్తే తాళాలు నా దగ్గరే. క్లయింటుతో రేటు మాట్లాడుతుంటే వెనక కుక్కర్ విజిల్. ఆ విజిల్ విన్నవాడు సగం రేటుకే అడుగుతాడు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా ఒప్పుకోను.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ దగ్గర ఇంకో తలనొప్పి. కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు, అభ్యంతరం లేదని ఓనర్ సంతకం పెట్టిన కాగితం అడిగారు. ఇంటి పన్ను కమర్షియల్ కిందకి మారిపోతుందేమోనని మా ఓనర్ గారికి భయం. సంతకం అడిగిన దగ్గర్నుంచి మెట్ల మీద ఎదురైనా తల తిప్పుకునేవారు. సరే, సొంతంగా ఒక గది తీసుకుందామని తిరిగితే, ఆరు నెలల అడ్వాన్సు, బ్రోకరుకి ఒక నెల అద్దె. ఆ పైన ఫ్యాన్లు, టేబుళ్లు, ఇన్వర్టర్ అన్నీ మనమే. పోసిన డబ్బంతా గోడల్లోనే ఇరుక్కుంటుంది. చిన్న వ్యాపారాలు లాభం లేక కంటే చేతిలో డబ్బు ఆడక మూతపడటమే నేను ఎక్కువ చూశాను.

అలా అమీర్‌పేటలో ఒక కోవర్కింగ్ స్పేస్‌లో రెండు సీట్లు తీసుకున్నాను. రెండు మెట్రో లైన్లు కలిసే చోటు కాబట్టి క్లయింట్లు మియాపూర్ నుంచి వచ్చినా ఉప్పల్ నుంచి వచ్చినా ఇబ్బంది లేదు.

అసలు లాభం ఎక్కడుందో మీకు ఒక సంగతి చెప్తే అర్థమవుతుంది. కిందటేడు వేసవిలో కోనసీమ నుంచి ఒక భార్యాభర్తలు వచ్చారు. రాజమండ్రిలో గౌతమి ఎక్కి పొద్దున్నే దిగి, చుట్టాలింట్లో స్నానాలు కానిచ్చుకుని సరాసరి మా దగ్గరికే. అప్పటిదాకా ఫోన్‌లో "అంత రేటేంటండీ, మా ఊళ్లో ఫ్లెక్సీలు వేసేవాళ్లు ఐదొందలకే చేసిస్తారండి" అన్న పెద్దమనిషి, రిసెప్షన్‌లో పేరు రాసి, అద్దాల గదిలో ఏసీ కింద కూర్చున్నాక రేటు ఊసే ఎత్తలేదు. ఒక్క నెల సీటు అద్దె అక్కడే వచ్చేసింది!

ఆవిడ సంచీలోంచి ఆవకాయ సీసా తీసి, "లేబుల్ మీద ఫోటో ఈ రంగులోనే రావాలండి, మరీ ఎర్రగా పెట్టేస్తే రంగు కలిపామనుకుంటారండి" అంటూ మూత తిప్పారు. సీసా అంచున ఎర్రటి నూనె వేలెడు మందాన తేలి ఉంది. ఆవపిండి ఘాటు గదిలో ఆగలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎప్పుడూ తల ఎత్తని పిల్లలు ఒక్కొక్కరే తలుపు దగ్గరికొచ్చారు. ఒకబ్బాయి కింద కర్రీ పాయింట్‌కి పరిగెత్తి వేడన్నం ప్యాకెట్లు పట్టుకొచ్చాడు. ఆవిడ మొహం చూడాలి, పెళ్లిలో వడ్డించినంత సంబరం.

ఆ గుంపులో మూల టేబుల్ ఆయన ఒకరున్నారు. ఎగుమతుల కాగితాల పని చేస్తారు. ముద్ద కలుపుతూ నా స్క్రీన్ మీదున్న లేబుల్ చూసి, "ఇది బయటికి పంపుతారా?" అన్నారు. "మావాడి ఫ్రెండు డల్లాస్‌లో కొట్టు పెట్టాడండి, ఈ లేబుల్‌తోనే పంపేద్దామనండి" అన్నారు ఆవిడ. "ఏం నూనె?" "గానుగ నూనండి, నువ్వులది." ఆయన చెయ్యి ఆపేశారు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని కూడా అలర్జీ కలిగించే ముఖ్యమైన పదార్థాల్లో చేర్చారట. పాలు, గోధుమ, వేరుశెనగ లాంటి ఎనిమిదింటి తర్వాత ఇది తొమ్మిదోది. నువ్వులు ఉన్నట్టు లేబుల్ మీద స్పష్టంగా తెలియాలి. పోషక విలువల పట్టిక కూడా వాళ్ల పద్ధతిలోనే ఉండాలి. మన ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు ఇక్కడ తప్పనిసరే గానీ, అక్కడికి అవి సరిపోవు.

ఇంట్లో ఉంటే ఈ మాట నాకు ఎవరు చెప్తారు? నాకు ఒక లేబుల్ పని రెండయింది, ఆయనకు కొత్త క్లయింట్లు దొరికారు.

మర్నాడు ఏం జరిగిందంటే, మేనేజర్ "మీటింగ్ గదుల్లోకి ఘాటైన ఆహారం తేరాదు" అని కాగితం అంటించాడు. ప్రతి శుక్రవారం వాళ్లే నెట్‌వర్కింగ్ పేరుతో పిజ్జాలు పంచుతారు. చీజ్ వాసనకు లేని అభ్యంతరం ఆవకాయకెందుకో! ఆ శుక్రవారాల్లో చేతులు మారేది విజిటింగ్ కార్డులే. నాకు అక్కడ ఒక్క ఆర్డరూ రాలేదు. స్పీకర్ ఫోన్‌లో మాట్లాడేవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఇది ఇక్కడితో ఆగదు.

ప్రభుత్వం పెట్టిన ఇలాంటి చోట్లు ఉన్నాయి కదా అంటారు. టీ-హబ్ 2015లో మొదలైంది, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనం తెరిచారు. మంచిదే, కానీ అది స్టార్టప్‌ల కోసం, అంటే కొత్త ఆలోచనతో మొదలయ్యే కంపెనీల కోసం. లేబుళ్లు వేసుకునేదాన్ని నేను అక్కడికెళ్లి ఏం ఆవిష్కరించానని చెప్పను? ఆడవాళ్లయితే, వ్యాపారం చేసే ఆడవాళ్ల కోసమే 2018లో పెట్టిన వీ-హబ్‌లో ఒకసారి విచారించండి.

సరుకుతో పని ఉన్నవాళ్లకు మాత్రం ఈ కోవర్కింగ్ వద్దు. చీరల కట్టలు, అట్టపెట్టెలు పెట్టుకుంటానంటే రెండో రోజే గొడవ. మీది అలాంటి వ్యాపారమైతే చిన్న షట్టరే దారి.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే మామూలుగా అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గి, వెనక్కొస్తుంది, లేకపోతే మీ నెత్తినే. సేవలమ్మే వాళ్లకు ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పదు. అప్పుడు అగ్రిమెంటు, కరెంటు బిల్లు, అభ్యంతరం లేదనే కాగితం వాళ్లే ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. మాకు అడిగిన వారంలో ఇచ్చారు, ఏ ఓనర్నీ బతిమాలుకోలేదు. సీటు లేకుండా అడ్రస్ మాత్రమే ఇచ్చే వర్చువల్ ఆఫీసు చవకే. కానీ గుమ్మం దగ్గర జీఎస్టీ నంబరుతో మన బోర్డు ఉండాలన్నది రూలు. దానికి ఒప్పుకోకపోతే, చూడటానికి అధికారి వచ్చిన రోజు మీ టెన్షన్ మీరు పడాలి.

నెల కట్టే ముందు ఒక రోజు పాస్ తీసుకుని, ఖాళీగా ఉండే పొద్దున పూట కాకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్లి కూర్చోండి. మీటింగ్ గది నెలకు ఎన్ని గంటలు ఉచితమో, ప్రింటుకు ఎంత తీసుకుంటారో, స్కూటీ ఎక్కడ పెట్టాలో అడగండి. మా దగ్గర పార్కింగ్‌కి వేరే కట్టాలని చేరాకే చెప్పారు.